దైవము నవ్వునా?

మా చిన్నతనమున మాఘమాసపు రాత్రులయందు ఊరి దేవాలయ ప్రాంగణములో హరికథలు జరుగుచుండెడివి. ఒకనాటి రాత్రి అజామిళోపాఖ్యానము చెప్పుచున్న దాసుగారు, పుట్టిన కులాచారమును విడిచి, కట్టుకొన్న యిల్లాలిని విడిచి, దాసీవ్యామోహమున పడి దొంగతనములకును జూదములకును ఒడిగట్టిన ఆ బ్రాహ్మణుడు, అవసానకాలమున యమభటులను గాంచి గడగడలాడుచు తన కడగొట్టు కొడుకును పేరుపెట్టి పిలువగా, ఆ పేరు నారాయణ యగుటచేత, పిలిచినది బిడ్డనా దేవునినా యను విచారణకైనను ఆగక విష్ణుదూతలు పరుగెత్తుకొని వచ్చిరని వర్ణించుసరికి, చాపలమీద కూర్చున్న జనమంతయు గొల్లున నవ్విరి. ఆ నవ్వు సద్దుమణగకముందే ఒక ముసలమ్మ, "అయితే దాసుగారూ, మా దూడకి ఆ పేరే పెట్టుకుంటాను. ఈ వయసులో నాకు జపాలెక్కడ కుదురుతాయి?" అన్నది. దాసుగారు చిడతలు ఆపి, "పెట్టుకో తల్లీ, అది తాడు తెంచుకుపోయినప్పుడల్లా నీకు పుణ్యమే" అని చెప్పి కథ సాగించిరి. తెలుగు భాగవతమున ఈ కథ గల షష్ఠస్కంధము ఏర్చూరి సింగన కృతి. అయినను జనులు దానిని పోతనగారి ఖాతాలోనే వ్రాసికొనుచు వచ్చిరి. అదియు ఒకవిధమైన అయాచితపుణ్యమే కాబోలు!

ఆనాటి నవ్వు భక్తియా, అపచారమా యను సందేహము నాకు అప్పుడు కలుగలేదు. అది కలిగినది చాల యేండ్లకు, ఒక స్వీడన్ దేశపు చలనచిత్రమును చూచుచున్నప్పుడు. ఇంగ్మార్ బెర్గ్మన్ అను దర్శకుడు 1955లో తీసిన ఆ చిత్రము పేరునకు తెలుగున 'వేసవిరాత్రి చిఱునవ్వు' అని అర్థము. 1900 ప్రాంతపు కాలము. గుఱ్ఱపుబండ్లు, లేసుగొడుగులు, తెల్లని పొడుగు గౌనులు. ఒక చిన్నపట్టణము, ఆపై పల్లెలో చెఱువు ఒడ్డునను చెట్లనడుమను నిలిచిన ఒక దివాణము. నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు. సాయంకాలమునకు తప్పుజతలతో విందునకు వచ్చిన ఆ యెనమండుగురు తెల్లవారుసరికి తగినజతలతో తేలుట. ఇంతమాత్రమే దాని కథ. దీనిని వినోదార్థము చూచి మఱచిపోవచ్చును; పలువురు అట్లే చేసిరి, అందులో తప్పేమియు లేదు. నేనుమాత్రము దానిని చూచినంతసేపును దాసుగారి చిడతలను వినుచుంటిని.

బెర్గ్మన్ 1918లో ఉప్సాలా పట్టణమున ఒక లూథరన్ మతబోధకుని యింట పుట్టినవాడు. పాపము, ఒప్పుకోలు, శిక్ష, క్షమ అనునవి ఆ యింట నిత్యము వడ్డింపబడిన పదార్థములని అతని ఆత్మకథ చదివినవారికి తెలియును. ఈ చిత్రము వ్రాయు నాటికి అతని మనస్సు క్రుంగి శరీరము చిక్కియుండెను. హాస్యకథ వ్రాయుటయో, ప్రాణము తీసికొనుటయో, ఈ రెంటిలో ఒకటి తప్ప తనకప్పుడు తోవ లేకుండెనని తరువాతి కాలమున అతడే చెప్పికొనెను. వ్రాసినది హాస్యకథ. మరుసటి యేడు, అనగా 1956లో, కాన్ చిత్రోత్సవమున కవితాత్మకమైన హాస్యమునకుగాను దానికి బహుమానము వచ్చెను. ఆ సంగతిని అతడు మఱుగుదొడ్డిలో కూర్చుండి వార్తాపత్రికలో చదివి తెలిసికొనెనట. దైవమునకు నవ్వు తెలియునా తెలియదా యని విచారించువారు ఈ చిన్నవృత్తాంతమును సాక్ష్యములలో చేర్చుకొనవచ్చును.

కథకు ముందు ఒక మాట మనవి చేయవలసియున్నది. మనకు వేసవిరాత్రి యనగా ఎండకు కాగిన డాబా, నీళ్లు చల్లిన వాకిలి, నులకమంచము, విసనకఱ్ఱ, పగటి దుర్భరత్వము తీరిన పిమ్మట దొరకు చీకటి. ఆ దేశమున వేసవిరాత్రి యనగా చీకటియే లేకుండుట. జూన్ మాసమున అక్కడ ప్రొద్దు చాల ఆలస్యముగా క్రుంకి, కన్నుమూసి తెఱచునంతలో మరల పొడుచును. ఆ నడుమ ఆకాశము పాలుకలిపిన నీటివలె తెల్లబాఱి యుండునేగాని నల్లబడదు. అట్టి రాత్రి ఎవరికిని నిదుర పట్టదు, దాగుకొనుటకు ఎవరికిని చోటుండదు. మన కవులు అభిసారికకు నల్లచీర కట్టి అమావాస్యనాడు పంపిరి. ఆ దేశపు అభిసారికకు ఆ సౌకర్యము లేదు. కావుననే అచ్చటి శృంగారము త్వరగా హాస్యమున పడుననుకొందును.

ఇక కథ. ఫ్రెడ్రిక్ ఎగెర్మన్ అనువాడు నడివయస్సు దాటుచున్న వకీలు. తన తెలివిపై తనకు గొప్ప నమ్మకము. మొదటిభార్య గతించిన పిమ్మట, ఇరువదియేండ్లయినను నిండని ఆన్ అను బాలికను పెండ్లాడి రెండేండ్లయినది. ఆమె యింకను కన్యగానే యున్నది, అతడును ఆమెను తొందరపెట్టక, ఆమె ఛాయాచిత్రములను మాత్రము మేజాపై పఱచుకొని చూచుకొనుచుండును. మొదటిభార్య కుమారుడు హెన్రిక్ దైవశాస్త్రవిద్యార్థి. సవతితల్లి తన యీడుదే యగుటయే అతని మొదటి దురదృష్టము, ఆమె అందగత్తె యగుట రెండవది. ఒకనాటి మధ్యాహ్నము ఫ్రెడ్రిక్ భార్యప్రక్కన కునుకు తీయుచు, నిద్రలో ఆమెను దగ్గఱకు తీసికొని, డెసిరే యని మఱియొక స్త్రీ పేరు పలికెను. డెసిరే ఆ రాత్రి ఆ యూరి రంగస్థలముపై ఆడవలసిన నటి. ఒకప్పటి అతని ప్రియురాలు. నాలుగేండ్ల చిన్నకుమారుడు ఆమెకు కలడు, ఆ బాలుని పేరును ఫ్రెడ్రిక్! అజామిళుడు బిడ్డకు దేవునిపేరు పెట్టుకొనెను. ఈ నటి బిడ్డకు దేవునికంటె తక్కువవాని పేరే పెట్టుకొనినను, పిలిచిన పిలుపు వ్యర్థము కాలేదు.

నిద్రలో జాఱిన ఆ యొక్క పేరునుండియే తక్కిన కథయంతయు పుట్టినది. ఫ్రెడ్రిక్ ఆ రాత్రి డెసిరే యింటికి పోవుటయు, దారిలో బురదగుంటలో పడుటయు, ఆమె ప్రస్తుతప్రియుడగు కౌంట్ మాల్కమ్ యొక్క పొడుగు రాత్రిచొక్కాయు కుచ్చుటోపీయు తొడిగికొని కూర్చుండగా ఆ సైనికాధికారియే స్వయముగా వచ్చి పడుటయు, ఆ వేషముతోనే వకీలుగారు వీథివెంట ఇంటికి నడచుటయు చెప్పుకొని నవ్వదగినవే కాని, మన విచారణకు అంతగా పనికిరావు. డెసిరే తన తల్లిచేత పల్లెలోని దివాణమునకు అందఱిని విందునకు పిలిపించును. ఆ వృద్ధురాలు మంచమున కూర్చుండి ఒంటరిగా పేకముక్కలు పేర్చుకొనుచుండును. ఆ దివాణము ఆమెకు దక్కినది స్వీయచరిత్ర వ్రాయకుందునని ఒక పెద్దమనిషికి మాట యిచ్చినందుకు. సాహిత్యమునకు అంత విలువ కట్టిన పాఠకుడు మఱియొక్కడు ఉండునా యని నాకు సందేహము.

ఇందఱిలోను ధర్మమును గూర్చి మాటాడువాడు హెన్రిక్ ఒక్కడే. లూథరు రచనలు చేతబట్టి శోధనలను జయించు విధమును బిగ్గఱగా చదువుచుండును, వినునది ఎవ్వరు? పేట్రా యను పనిపిల్ల. ఆమె నవ్వుచు జడ సవరించుకొనును, ఇతని శోధన చదువుచున్న గ్రంథమునుండి లేచి యెదుటికి వచ్చి నిలుచును. ఇక్కడ ఒక సూక్ష్మము గలదు. స్వీడన్ దేశపు క్రైస్తవసంఘము 1593లో ఉప్సాలా సభయందు లూథరు మార్గమును అధికారికముగా స్వీకరించినది. మనుష్యుడు తన సత్కర్మలచేత దైవసన్నిధిని ఆర్జింపలేడు, అది అనుగ్రహముగా లభింపవలసినదే కాని కూలిగా రాదనుట ఆ మార్గమునకు మూలస్తంభము. తన సహచరుడు మెలాంక్తనునకు 1521లో వ్రాసిన లేఖయందు లూథరు, పాపిననియెడి సంగతిని ధైర్యముగనే ఒప్పుకొని, అంతకు మించిన ధైర్యముతో క్రీస్తును నమ్ముమని బోధించెను. అట్టి గురువు గ్రంథమును చదువుచు హెన్రిక్ చేయుచున్న పని యేమి? తన పవిత్రతను తాను పైసా పైసాగా కూడబెట్టుట, ప్రతి సాయంకాలము లెక్క చూచుకొనుట, లెక్క తప్పినందుకు ఏడ్చుట. అనుగ్రహమును గూర్చి పరీక్షలు వ్రాయుచున్న ఆ బాలుడు నిశ్చయముగా కర్మవాది. ఇట్టివారు మన దేశమునను కొల్లలు. వేదాంతము అద్వైతము, వ్యవహారమంతయు చిట్టా ఆవర్జాలు.

విందునాడు అందఱును ఒకరినొకరు మాటలతో గుచ్చుకొనుచుండగా అతడు సహింపలేక చేతనున్న గాజుపాత్రను పగులగొట్టి, సభ్యుల కపటమును నిందించి, బల్లవద్దనుండి లేచిపోవును. అతడు చెప్పినది నిజమే. అయినను ఆ నిజమును విన్నవారెవ్వరును మారలేదు, చెప్పినవానికే తల త్రిప్పుకొనుటకు చోటు లేకపోయినది. ఏలయనగా ఆ కపటులందఱికంటె పెద్దరహస్యమును గుండెలో దాచుకొన్నవాడు అతడే. తండ్రిభార్యను తాను ప్రేమించుచున్నాడు. ఇక బ్రతుకదగదని నిశ్చయించుకొని గదిలో ఉరి పోసికొనబోవును. త్రాడు జాఱినది. అతడు తూలి గోడకు తగులుకొనగా, ఒక మీట నొక్కబడినది. అంతట సంగీతపుపెట్టె మ్రోగుచుండగా గోడ తెఱచుకొని, ప్రక్కగదిలోని మంచము, దానిపై నిద్రించుచున్న ఆన్‌తో సహా, చక్రములపై మెల్లగా దొరలివచ్చి అతని యెదుట నిలిచినది!

చూచువారు ఇక్కడ నవ్వుదురు, నవ్వవలెను. నవ్విన పిమ్మట ఆ మంచమును గూర్చి కొంత ఆలోచింపవలెను. అది పూర్వమొక రాజుగారు ఆ దివాణమున విడిదిచేసినప్పుడు ప్రక్కగదిలోని పరకాంతను గుట్టుగా తన గదికి రప్పించుకొనుటకై చేయించిన యంత్రము. అనగా పాపార్థము నిర్మింపబడిన పరికరము. అట్టి దానిని నొక్కినదెవరు? నొక్కుచున్నానని యెఱుగనివాడు. ఎప్పుడు? తన పుణ్యమును గూర్చిన ఆశలన్నియు అడుగంటి, ప్రాణమునే వదలుకొనుచున్న క్షణమున. ఫలమేమి? ఒక యువకుని ప్రాణము నిలుచుటయు, భార్య యను పేరేగాని భార్యాత్వమెఱుగని ఒక బాలిక తన వయస్సువానిని చేరుటయు. వేటగాడు పులికి వెఱచి మారేడుచెట్టెక్కి, కునుకుపాటు రాకుండుటకై ఆకులు త్రుంచి వేయుచుండగా, అవి క్రింద నున్న లింగముపై పడి శివరాత్రిపూజ యయ్యెనని మనవారు చెప్పుకొను కథకును, ఈ మీటకును భేదమేమి? అచ్చట మారేడాకు, ఇచ్చట మంచపుకోడు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున దైవానుగ్రహమును గూర్చి రెండు న్యాయములు చెప్పుదురు. కోతిపిల్ల తల్లిపొట్టను తానే కఱచిపట్టుకొనవలెను. తల్లి దూకునప్పుడు పట్టు సడలినచో పడిపోవును. పిల్లికూన ఏమియు చేయనక్కఱలేదు. తల్లియే నోట కఱచుకొని కావలసినచోటికి మోసికొనిపోవును. మొదటిది వడగలవారి మతమని, రెండవది తెన్గలవారి మతమని ప్రసిద్ధి; ఈ కోతికిని పిల్లికిని నడుమ జరిగిన వాదములు కోర్టులదాక పోయిన దేశము మనది. హెన్రిక్ జీవితమంతయు కోతిపిల్లవలె వ్రేలాడి, పట్టుతప్పిన క్షణమున పిల్లికూన యయ్యెను. పట్టు తప్పుటయే అతని సాధనము. కాని కోతిపక్షమువారు ఊరకుందురా? అతడు అంతకాలము వ్రేలాడినందువలననే కదా వ్రేళ్లు నొచ్చి వదలినది, అసలు పట్టుకొననివానికి వదలుట యెక్కడిది యని వారడుగుదురు. ఈ ప్రశ్నకు చిత్రము జవాబీయదు. నా మట్టుకు నాకు కోతిపక్షమువారి మాటలో సగము సత్యమున్నదనిపించును. ముసలమ్మ దూడకు పేరు పెట్టుకొన్నంతమాత్రమున దూతలు వత్తురో రారో కాని, ఆ పేరే పెట్టవలెనని తోచిన మనస్సు హరికథ వినుటకు మూడు మైళ్లు చలిలో నడచి వచ్చిన మనస్సు.

దివాణపు బండివాడు ఫ్రిడ్, పనిపిల్ల పేట్రాతో గడ్డివాములదగ్గఱ ఆ రాత్రి గడుపుచు, వేసవిరాత్రి మూడుమార్లు నవ్వునని ఆమెకు చెప్పును. మొదటి నవ్వు పడుచు ప్రేమికులకు. రెండవది విదూషకులకును మూర్ఖులకును, ఎంత చెప్పినను బాగుపడనివారికిని. మూడవది దుఃఖితులకు, నిదురపట్టనివారికి, తోవ తప్పినవారికి, భయపడినవారికి, ఒంటరులకు. మతబోధకుని కుమారుడు వ్రాసిన ఈ చిత్రమున దైవశాస్త్రవిద్యార్థికి ఇట్టి మాటలలో ఒక్కటైనను ఈయలేదు. గుఱ్ఱములు తోలువాని నోట, అదియును కొంత త్రాగియున్నప్పుడు, పలికించెను.

ఇంతకును నవ్వునది ఎవరు? రాత్రికి ముఖము లేదు. ప్రకృతియా, నియతియా, ఈశ్వరుడా? క్రైస్తవసువార్తలలో యేసు కన్నీరు విడిచిన ఘట్టము గలదు, నవ్వినట్లు ఎచ్చటను చెప్పబడలేదు. పూర్వనిబంధనయందు దైవము నవ్వినను, ఎక్కువగా శత్రువులను చూచి హేళనగా నవ్వును. అయినను ఆ గ్రంథమునందే, తొంబదియేండ్ల శారా తనకు బిడ్డ పుట్టునని విని లోలోన నవ్వుటయు, పుట్టిన బిడ్డకు నవ్వు అను నర్థమిచ్చు ఇస్సాకు అను పేరే పెట్టుటయు కలదు. మరల పేరే! నమ్మశక్యము కాని అనుగ్రహము ఎదురైనప్పుడు మనుష్యుని నోట మొదట వచ్చునది స్తోత్రము కాదు, నవ్వు.

మన శాస్త్రములు ఈ విషయమున ఇంకను ధైర్యము చూపినవి. బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయమున, ఏ కొఱతయు లేని ఈశ్వరునికి సృష్టితో పనియేమి యను ప్రశ్నకు, అది కేవలము లీల యని సమాధానము. శంకరులు దానిని వివరించుచు, కోరికలన్నియు తీరిన రాజు విహరించునట్లును, ప్రాణి ఉచ్ఛ్వాసనిశ్వాసములు విడుచునట్లును అనిరి. ఇంతవఱకు అందఱును చెప్పుదురు. నాకు విలువైనదిగా తోచునది ఆ వెంటనే వచ్చు సూత్రము. ఆట యంటిరి సరే, ఆ యాటలో ఒకడు పల్లకిలోను ఒకడు పల్లకిక్రిందను ఉన్నాడే, ఈశ్వరునికి పక్షపాతమును నిర్దయయు లేవా యని అచ్చట ప్రతివాది లేచును. లీల యన్న మాట నోట వచ్చిన మరుక్షణముననే ఈ యభియోగమునకు జవాబు చెప్పుకొనవలసివచ్చునని సూత్రకారుడు ఎఱుగును. నవ్వెడి దైవమును ఒప్పుకొన్నవాడు, ఆ నవ్వు ఎవరిమీదను పడి ఎవరిని గాయపఱచినదో విచారింపక తప్పదు. సూత్రకారుడు కర్మసాపేక్షత యని జవాబు చెప్పెను. జీవుల కర్మను బట్టియే సుఖదుఃఖములు, ఈశ్వరుడు వానవంటివాడు, విత్తును బట్టి మొలక. ఈ చిత్రము చెప్పిన జవాబు వేఱు.

ఆ జవాబును ఫ్రెడ్రిక్ యందు చూడవలెను. హెన్రిక్, ఆన్ తెల్లవారుజామున బండియెక్కి పారిపోవుచుండగా తండ్రి చెట్టుచాటున నిలిచి చూచును. ఆమె మేలిముసుగు గాలికెగిరి నేల పడగా తీసికొని చేతబట్టుకొనును. నోరెత్తి పిలువడు. ఒక్కదెబ్బకు భార్యను, కొడుకును కోల్పోయిన ఆ మనుష్యునికి అంతటితో తీఱలేదు. తోటలోని మంటపమున అతడు కౌంటుగారి భార్య షార్లొట్‌తో ఉండగా ఆ సైనికాధికారి వచ్చి, రివాల్వరులో ఒకే తూటా ఉంచి చక్రము త్రిప్పి, వంతులవారీగా కణతకు ఆనించుకొని మీట నొక్కెడి జూదమునకు పిలుచును. వకీలు మీట నొక్కగా ప్రేలినది. బయట విన్నవారు గుండెలు చేతబట్టుకొనిరి. తూటాలో నున్నది మసి! మరణము రావలసినచోట మసి వచ్చినది; ఆ పెద్దమనిషి ముఖమంతయు నల్లనై, కన్నులుమాత్రము తెల్లగా మెఱయుచు కూర్చున్నాడు.

భరతుడు హాస్యమును ఆఱు విధములుగా విభజించెను. స్మితహసితములు ఉత్తములవి, విహసితోపహసితములు మధ్యములవి, అపహసితాతిహసితములు అధములవి. ఆ మసిముఖమును చూచి కౌంటు నవ్విన నవ్వు కడపటి తెగకు చెందినది. ఒకరి పరాభవము దానికి మేత. అట్టి నవ్వు మనమెఱుగనిది కాదు; మయసభలో జాఱిపడిన దుర్యోధనుని చూచి నవ్విన నవ్వు కురుక్షేత్రముదాక పోయినదని మన పెద్దలు చెప్పికొందురు. చిత్రము పేరులో నున్నదిమాత్రము స్మితము, పలువరుస కనబడని ఉత్తమహాసము. డెసిరే వచ్చి ఆ మసిబాఱిన ముఖమును తుడుచుచు నవ్వునది ఆ నవ్వే. నీకు తగినశాస్తి జరిగినదని ఆమె యనదు. నీకేమియు జరుగలేదనియు అనదు. అతడు కోల్పోయినది కోల్పోయినదే. ముసుగు చేతిలో నున్నది, బండి వెళ్లిపోయినది. కర్మఫలము రద్దు కాలేదు. ముదిమిలో బాలికను తెచ్చుకొని ఛాయాచిత్రములు చూచుకొన్న గర్వమునకు వడ్డీతో సహా లెక్క ముట్టినది. అయినను ఆ లెక్క ముట్టచెప్పిన చేయి ఎదుటివాని ముఖమును తుడుచుచున్నది. సూత్రకారుని జవాబులో న్యాయమున్నది. ఇందులో న్యాయముతోడ ఒక తడిగుడ్డయు ఉన్నది. శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుడన్నాడే, ఇక్కడ హాస్యమునుండి మరల శృంగారము పుట్టుచున్నది. దైవము నవ్వునా యని నన్నడిగినచో, ఇట్లు నవ్వగలిగినదైతే దైవమనిపించుకొనునని చెప్పుదును. కౌంటువలె నవ్వునది యెంత సర్వశక్తి గలదియైనను నాకు అక్కఱలేదు.

ఇందులో నాకు నచ్చని సంగతియు ఒకటి లేకపోలేదు. దివాణమున దొరలందఱికి జతలు కుదిరినవి సరే. పేట్రా ఫ్రిడ్ చేత పెండ్లిమాట పలికించుకొనుటకు గడ్డిలో ఎంత పెనుగులాడవలసివచ్చినది! దొరసానులకు మంచము గోడలు చీల్చుకొని వచ్చును. పనిపిల్లకు అనుగ్రహము తానే మెడపట్టి గుంజుకొన్నగాని రాదు. ఆ హాస్యలోకమునను కోతిధర్మము పేదలకును, పిల్లిధర్మము ధనికులకును పంచబడినది. బెర్గ్మన్ ఇది యెఱిగి చేసెనో యెఱుగక చేసెనో కాని, మూడు నవ్వులను గూర్చి తెలిసినవారుగా ఆ యిద్దఱినే నిలిపి కొంత సరిదిద్దెను.

మన తెలుగున అదే 1955వ సంవత్సరము జనవరిలో 'మిస్సమ్మ' వచ్చినదని పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అది తన కాలపు కథ గల చిత్రము, బెర్గ్మన్ చిత్రము గతకాలపు కథ. ఒకదానితో ఒకదానికి సంబంధమేమియు లేదు. అయినను ఉద్యోగముకొఱకు ఒక హిందువును ఒక క్రైస్తవకన్యయు దంపతులమని బొంకి, అప్పాపురపు జమీందారు ఇంట చేరుటయు, ఆ బొంకే తుదకు నిజమగుటయు తలచుకొన్నప్పుడు, పల్లెటూరి పెద్దయింట ఒక అబద్ధము సత్యమునకు పురుడుపోసిన వైచిత్రి రెండింటను కనబడును. అందులో మతభేదము ఒక్క పుట్టుమచ్చతో తీఱిపోయినది. అంత సులభముగా తీఱిపోవుట నాకు కొంత వెలితిగా తోచినను, ఆ నవ్వు గాయపఱచునది కాదు.

బెర్గ్మన్ మరల ఇట్టి నవ్వు చిత్రమును ఈ స్థాయిలో తీయలేదు. కాన్ బహుమానము తెచ్చిన పలుకుబడితో, అంతవఱకు నిర్మాతలు ప్రక్కకు నెట్టిన మఱియొక కథను అనుమతింపజేసికొనెను. మహామారీకాలమున ఒక యోధుడు మృత్యువుతో చదరంగమాడుచు దైవము పలుకదేమని అడుగు ఆ 'ఏడవ ముద్ర' 1957లో వచ్చినది. అనగా దైవము మౌనమును గూర్చి లోకమంతయు గంభీరముగా చర్చించిన ఆ చిత్రమునకు పెట్టుబడి పెట్టినది ఈ చిఱునవ్వే. మసిముఖపు వకీలుగా నటించిన గున్నార్ బ్యోర్న్‌స్ట్రాండ్ అందులో ఆ యోధుని అనుచరుడు. బండివాడు ఫ్రిడ్‌గా నటించిన ఓకె ఫ్రిడెల్ కమ్మరి. ఆ పిమ్మట 1963లో వచ్చిన 'శీతకాలపు వెలుగు' అను చిత్రమున బ్యోర్న్‌స్ట్రాండ్ విశ్వాసము నశించిన మతబోధకుడై కనబడును. కడపటి దృశ్యమున బల్లలన్నియు ఖాళీగా నున్న చర్చిలో, తనను ప్రేమించి విసిగిపోయిన ఒక్క స్త్రీ తప్ప వినువారెవ్వరును లేనిచోట, ప్రార్థన మొదలుపెట్టును. ఆ ముఖమున చిఱునవ్వు ఛాయయైనను లేదు. ఈ బెర్గ్మన్ చిత్రములను చూడదలచిన పాఠకులు ముందుగా 'వేసవిరాత్రి చిఱునవ్వు'ను, వీలైనచో ఒక వేసవిరాత్రి డాబామీద కూర్చుండి, పెద్దలు పిల్లలు కలసి చూడవలెనని నా మనవి.